గంగలో ఎవరి నీళ్లెంత?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో గంగానదిని గురించినవే ఎక్కువగా ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలోని వేరువేరు ఊళ్ల నుంచి వచ్చినప్పటికీ, అడిగినవారి సందేహం దాదాపు ఒక్కటే: గంగ అని మనం పిలిచే నీరు నిజానికి ఎక్కడెక్కడి నుంచి వస్తున్నది? అందుచేత ఉత్తరాలను అందిన తేదీల వరుసలో కాక, నది కొండల మీది నుంచి సముద్రానికి దిగే వరుసలో అమర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: పోటీ పరీక్షల పుస్తకాలలో గంగ గోముఖ్ దగ్గర పుట్టిందని ఉన్నది. అలకనందే అసలు పాయ అని మరొక చోట చదివాను. ఏది నమ్మాలి, ఏది రాయాలి? (డిగ్రీ విద్యార్థి, ఆత్మకూరు)

జవాబు: పరీక్షలో గోముఖ్ అనే రాయండి, మార్కులు దానికే వేస్తారు. అయితే మీకు కలిగిన సందేహం మాత్రం సరైనదే. ఉత్తరాఖండ్‌లోని గంగోత్రి హిమానీనదం సుమారు 30 కిలోమీటర్ల పొడవున సాగి, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో గోముఖ్ అనే మంచు గుహ దగ్గర ముగుస్తుంది. ఆ గుహలో నుంచి వెలుపడే ప్రవాహం పేరు భాగీరథి. బదరీనాథ్‌కు ఎగువన సతోపంథ్, భగీరథ్ ఖరక్ అనే హిమానీనదాల దిగువన పుట్టే ప్రవాహం పేరు అలకనంద. ఈ రెండూ దేవప్రయాగ దగ్గర కలిసిన తరువాతనే నదికి గంగ అన్న పేరు వస్తుంది. అంటే గోముఖ్ దగ్గర గాని, బదరీనాథ్ దగ్గర గాని గంగ అనే పేరుతో నది ఏదీ లేదు.

దేవప్రయాగకు చేరే నీటిలో అలకనంద వాటాయే పెద్దది. దానికి కారణం పటం మీద స్పష్టంగా కనిపిస్తుంది. నీతి లోయ నుంచి వచ్చే ధౌలీగంగ విష్ణుప్రయాగ దగ్గర, నందాకిని నందప్రయాగ దగ్గర, పిండారీ హిమానీనదం నుంచి వచ్చే పిండర్ కర్ణప్రయాగ దగ్గర, కేదారనాథ్ నుంచి దిగే మందాకిని రుద్రప్రయాగ దగ్గర అలకనందలో కలుస్తాయి. దేవప్రయాగను కలుపుకొంటే ఇవే పంచప్రయాగలు. యాత్రికులు పుణ్యస్థలాలుగా లెక్కపెట్టే ఈ అయిదూ గంగ ఎగువ భాగపు ఉపనదుల పట్టికే. భాగీరథికి ముఖ్యమైన ఉపనది భిలంగన. ఆ రెండూ కలిసే చోటనే 260.5 మీటర్ల ఎత్తున తెహ్రీ ఆనకట్ట కట్టారు.

నీటి పరిమాణాన్ని కొలిచేవారు అలకనందను మూలప్రవాహమంటారు. భగీరథుని కథ విన్నవారు గోముఖ్‌కు నమస్కరిస్తారు. ఇందులో తగవు అక్కరలేదు గాని, గంగ ఎగువన వరద ఎటు నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం పేరున్న పాయ ఒక్కదాన్నే చూస్తే చాలదు. 2013 జూన్‌లో కుండపోత వానలతో పాటు చోరాబరీ సరస్సు గట్టు తెగి, కేదారనాథ్‌ను ముంచిన వరద మందాకిని మీదుగా వచ్చింది. 2021 ఫిబ్రవరి 7న రాయీ మంచూ కలిసి విరిగిపడి, తపోవన్ దగ్గరి జలవిద్యుత్ నిర్మాణాన్ని తుడిచిపెట్టిన ప్రవాహం ఋషిగంగలో మొదలై ధౌలీగంగలోకి దూకింది. రెండు సందర్భాలలోనూ ప్రమాదం తెచ్చినవి ఉపనదులే.

ప్రశ్న: గంగ మానస సరోవరంలో పుడుతుందని మా పెద్దలు చెప్పేవారు. అది నిజమేనా? (ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: ప్రధాన గంగ విషయంలో నిజం కాదు. అయినా ఈ నమ్మకం మన పెద్దలకు మాత్రమే పరిమితమైనది కాదు; పద్దెనిమిదో శతాబ్దపు చివరలో ఆంగ్లేయ సర్వేయరు జేమ్స్ రెన్నెల్ తయారుచేసిన పటంలో కూడా గంగ టిబెట్ సరస్సుల నుంచి వస్తున్నట్లే గీశారు. ఆ సంగతి తేల్చడానికే 1808లో వెబ్ నాయకత్వాన ఒక సర్వే బృందం బయలుదేరి, నది హిమాలయాలను దాటి అవతలి నుంచి రావడం లేదని గుర్తించింది. 1817లో హాడ్జ్‌సన్ అనే మరొక సర్వేయరు గోముఖ్ దాకా వెళ్లాడు.

కైలాస మానస సరోవర ప్రాంతం నాలుగు పెద్ద నదులకు పుట్టిల్లు అన్నది మాత్రం వాస్తవం. సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, కర్ణాలి అనే నాలుగు నదులు అక్కడికి దగ్గరలోనే పుట్టి నాలుగు వైపులకు పోతాయి. వీటిలో కర్ణాలి నేపాల్ గుండా దక్షిణానికి దిగి, మన దేశంలో ఘాఘ్రా అనే పేరు పొందుతుంది. అయోధ్య దగ్గర దానినే సరయూ అంటారు. భారత నేపాల్ సరిహద్దుగా పారే కాళీ నది, మైదానంలో శారద అనే పేరుతో వచ్చి దీనిలోనే కలుస్తుంది. ఇన్ని నీళ్లు పోగుచేసుకొని ఘాఘ్రా బీహార్‌లోని ఛప్రా దగ్గర గంగలో చేరుతుంది. పొడవులో యమున గంగకు మొదటి ఉపనది అయితే, నీటి పరిమాణంలో ఆ స్థానం ఘాఘ్రాది. కాబట్టి కైలాస పర్వత ప్రాంతపు నీరు గంగలో కలవడం లేదని చెప్పలేము. కాకపోతే అది గోముఖ్ మీదుగా కాక, కాశీ కూడా దాటిపోయిన తరువాత ఛప్రా దగ్గర కలుస్తుంది.

ప్రశ్న: ఎండాకాలంలో మా పెన్నలో ఇసుక తప్ప నీరు కనబడదు. గంగ మాత్రం ఏడాది పొడుగునా పారుతుంది. మంచు కరగడమే దీనికి కారణమా? (వరి రైతు, కోవూరు)

జవాబు: మంచు ఒక కారణమే గాని, అదే ముఖ్య కారణమని పాఠ్యపుస్తకాలలో చదివి మనం అవసరానికి మించి నమ్ముతున్నాము. హరిద్వార్‌కు ఎగువన, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే నీటిలో మంచు కరిగిన నీటికి గొప్ప స్థానమున్నది. మైదానంలోకి దిగి పాట్నా చేరేసరికి దాని పాలు బాగా పలచబడిపోతుంది. గంగ ఏడాది మొత్తంలో మోసే నీటిలో సింహభాగం నైరుతి ఋతుపవనాల నాలుగు నెలలలోనే వస్తుంది. మంచు మీద నిజంగా ఆధారపడిన హిమాలయ నది సింధు. దాని ఎగువ పరీవాహక ప్రాంతంలో వాన తక్కువ, మంచు ఎక్కువ.

ఎండాకాలంలో గంగను నిలబెట్టే మూడో ఆధారం భూగర్భజలం. హిమాలయాల నుంచి నదులు లక్షల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక, కంకర పొరలు గంగా మైదానం కింద ఎంతో లోతుకు ఉన్నాయి. వానాకాలంలో ఆ పొరలు నీటిని తాగి, నదిలో మట్టం తగ్గిన నెలలలో ఊటగా తిరిగి ఇస్తాయి. లక్నో మీదుగా పారే గోమతి దీనికి మంచి ఉదాహరణ: అది మంచు ముఖమే చూడని నది, పిలిభిత్ జిల్లాలోని ఒక చెరువు దగ్గర పుట్టి, మైదానపు వాననీటితో, ఊటతో బతుకుతుంది. మీ పెన్న పరిస్థితి వేరు. 597 కిలోమీటర్ల ఆ నది నంది కొండలలో పుట్టి, ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వంటి వర్షచ్ఛాయా ప్రాంతం గుండా వస్తుంది. ఎగువన దారి పొడుగునా చాలా మేరకు గట్టి రాతినేల, నీటిని దాచుకొనే శక్తి దానికి తక్కువ. మీ దగ్గర ఇసుకలో చెలమలు తీస్తే నీరు ఊరుతుంది గాని, నదిని నడిపించగలిగినంత ఊట అది కాదు. పైగా సోమశిలలో నిలిపిన తరువాతనే మీకు నీరు వదులుతారు.

గంగ ఎండాకాలంలోనూ నిండుగానే ఉంటుందనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. హరిద్వార్ దగ్గర ఎగువ గంగ కాలువ, బిజ్నోర్ దగ్గర మధ్య గంగ కాలువ, నరోరా దగ్గర దిగువ గంగ కాలువ నదిలోని నీటిని వరుసగా తోడుకొంటాయి. ఎగువ కాలువను ప్రోబీ కాట్లీ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1842లో తవ్వించడం మొదలుపెట్టగా 1854లో నీరు వదిలారు. ఆ కాలువ వాలు మరీ ఎక్కువగా పెట్టారని కాట్లీతో బహిరంగంగా తగువు పెట్టుకొన్నవాడు మన సర్ ఆర్థర్ కాటనే. వాలు విషయంలో ఆయన ఆక్షేపణ సబబేనని తరువాత తేలింది. నరోరా దాటాక, కాన్పూర్ దాకా వేసవి గంగను చూసినవారికి అది మహానదిగా తోచదు. దానికి మళ్లీ నీటి బలం వచ్చేది ప్రయాగలో.

ప్రశ్న: ప్రయాగ త్రివేణి సంగమంలో పడవ మీద నుంచి రెండు రంగుల నీళ్లు చూశాము. యమున లోతుగా, నిండుగా కనిపించింది. ఢిల్లీలో మురికికాలువలా ఉన్న యమున అక్కడికి వచ్చేసరికి అంత నిండుగా ఎలా మారింది? సరస్వతి ఎక్కడ? కాశీలో గంగ ఉత్తరానికి ఎందుకు పారుతుంది? (గృహిణి, ఒంగోలు)

జవాబు: మీరు ప్రయాగలో చూసిన యమునలో ఢిల్లీ యమున పాలు చాలా తక్కువ. యమునోత్రి దగ్గర బందర్‌పూంచ్ పర్వతం నుంచి దిగే యమునకు, కొండలు దాటకముందే కాల్సీ దగ్గర టోన్స్ కలుస్తుంది. అక్కడ యమున కంటె టోన్సే పెద్ద ప్రవాహం. ఈ నీటినంతా హర్యానాలోని హథినీకుండ్ బ్యారేజీ దగ్గర తూర్పు, పశ్చిమ యమునా కాలువలలోకి మళ్లిస్తారు. వానలు లేని నెలలలో ఆ తరువాత నదిలో మిగిలే నీరు స్వల్పం. మిగిలినదాన్ని ఢిల్లీ తాగునీటికి వజీరాబాద్ దగ్గర ఆపుకొని, బదులుగా మురుగునీటిని ఇస్తుంది. ఆగ్రా దాకా పారేది చాలావరకు అదే.

నదికి ప్రాణం తిరిగి వచ్చేది ఎటావా దాటిన తరువాత, చంబల్ కలిసినప్పుడు. ఆ ప్రాంతంలో యమున, చంబల్, సింధ్, కున్వారీ, పహుజ్ అనే అయిదు నదులు దగ్గరదగ్గరగా కలుస్తాయి గనుక దానిని పచ్‌నదా అంటారు. (ఈ సింధ్ మధ్యప్రదేశ్‌లోని చిన్న నది, సింధునదితో దీనికి సంబంధం లేదు.) ఆపైన హమీర్‌పూర్ దగ్గర బేత్వా, బాందా జిల్లాలో కెన్ చేరుతాయి. చంబల్ ఇండోర్ సమీపాన మహూ దగ్గరి జానాపావ్ కొండలలోనూ, బేత్వా భోపాల్ ప్రాంతంలోనూ పుడతాయి. అంటే మీరు సంగమంలో చూసిన ఆకుపచ్చని నీటిలో చాలా భాగం హిమాలయాలది కాదు, వింధ్య పర్వతాలది, మాళవ పీఠభూమిది. హిమాలయ నది అని మనం పేరు పెట్టిన గంగకు దక్షిణం వైపు నుంచి ఇంత నీరు వస్తున్నదని చాలామంది గమనించరు. అమరకంటక్‌లో పుట్టి పాట్నాకు ఎగువన కలిసే శోణ నది కూడా ఈ వర్గానిదే. అదే అమరకంటక్‌లో పుట్టిన నర్మద మాత్రం పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది.

రంగుల తేడా విషయానికి వస్తే, గంగ ఒండ్రు ఎక్కువగా మోస్తూ మెరకగా పారుతుంది గనుక లేత మట్టిరంగులో ఉంటుంది. యమున అక్కడ లోతుగా, నెమ్మదిగా ఉంటుంది గనుక పచ్చగా కనిపిస్తుంది. సరస్వతి అంతర్వాహిని అన్నది విశ్వాసం. భూమి పైన మూడో ప్రవాహమేదీ సంగమంలో కలవడం లేదు.

కాశీ దగ్గర గంగ ఉత్తరవాహిని కావడం నది తిరిగే వంపు వలన జరిగింది. సున్నపు గడ్డలు కలిసిన గట్టి బంకమట్టి గట్టు పడమటి ఒడ్డున ఎత్తుగా నిలిచి ఉండడం వలన, నది దాన్ని సులభంగా కోయలేక దాని వెంటనే ఉత్తరానికి సాగుతుంది. ఘాట్లూ ఆలయాలూ అన్నీ ఆ ఒక్క ఒడ్డునే ఉండి, ఎదుటి ఒడ్డు ఇసుకమేటగా మిగిలిపోవడానికి కారణం కూడా అదే.

ప్రశ్న: మా ఇంటి పూజలో సాలగ్రామాలు ఉన్నాయి. అవి గండకీ నదిలోనే దొరుకుతాయంటారు. ఎందుకు? (అర్చకుడు, జొన్నవాడ)

జవాబు: సాలగ్రామంలో కనిపించే చక్రం, ఒకప్పుడు సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే ప్రాణి గుల్ల మిగిల్చిన అచ్చు. హిమాలయాలు లేవకముందు భారత భూభాగానికీ ఆసియాకూ మధ్య టెథిస్ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకొన్న బురద రాయిగా మారి, రెండు భూభాగాలు ఢీకొన్నప్పుడు పైకి లేచింది. నేపాల్‌లోని ముస్తాంగ్ ప్రాంతంలో ఆ నల్లని రాతిపొరలను కాళీగండకీ కోసుకొంటూ దిగుతుంది గనుక సాలగ్రామాలు దాని గర్భంలో దొరుకుతాయి.

ఈ నదిలో అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి ఒకటున్నది. ముస్తాంగ్ హిమాలయ ప్రధాన శ్రేణికి ఉత్తరాన ఉంటుంది. అక్కడ పుట్టిన నది 8,167 మీటర్ల ధవళగిరికీ, 8,091 మీటర్ల అన్నపూర్ణకూ నడుమ గల అగాధమైన లోయలో నుంచి దక్షిణానికి వస్తుంది. అంత ఎత్తైన గోడను నది ఎలా దాటగలిగిందంటే, గోడ లేవకముందే నది అక్కడ ఉన్నది. కొండ పైకి లేచిన కొద్దీ నది తన దారిని కోసుకొంటూ నిలబెట్టుకొన్నది. సింధు, సట్లెజ్, కోసీకి నీరిచ్చే అరుణ్, బ్రహ్మపుత్ర ఈ జాతివే. హిమాలయాల కంటె వయసులో పెద్దవైన ఈ నదులను హిమాలయ పుత్రికలని కీర్తించడం కవుల హక్కు. గండకీ పాట్నాకు ఎదురుగా, హాజీపూర్ సోన్‌పూర్‌ల మధ్య గంగలో కలుస్తుంది. గజేంద్రమోక్షం జరిగిన చోటు అదేనని అక్కడివారి నమ్మకం.

ప్రశ్న: కోసీ నదిని బీహార్ దుఃఖదాయిని అంటారు. ఇంత ఇంజనీరింగ్ తెలిసిన కాలంలో రెండు వైపులా కరకట్టలు కట్టి దాన్ని అదుపు చేయలేకపోవడమేమిటి? (నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి, టంగుటూరు)

జవాబు: కరకట్టలు కట్టారు. ఇప్పటి చిక్కులో సగం వాటి వలననే వచ్చింది.

కోసీని నేపాల్‌లో సప్తకోసి అంటారు. ఇంద్రావతి, సున్‌కోసి, తామాకోసి, లిఖు, దూద్‌కోసి, అరుణ్, తామూర్ అనేవి ఆ ఏడు నదులు. ఎవరెస్టు శిఖరపు దక్షిణపు మంచు దూద్‌కోసిలోకి, ఉత్తరపు మంచు టిబెట్ వైపు నుంచి అరుణ్‌లోకి చేరుతుంది. చుట్టూ తిరిగి రెండు వైపుల నీరూ కోసీకే వస్తుంది. పరీవాహక వైశాల్యంలో సగానికి పైగా అరుణ్‌దే అయినా, అందులో ఎక్కువ భాగం వానలు లేని టిబెట్ పీఠభూమి కావడం వలన నీటిలో దాని వాటా సగానికి లోపే. ఋతుపవన మేఘాలు తగిలే దక్షిణపు వాలుల నుంచి వచ్చే సున్‌కోసి, విస్తీర్ణంలో చిన్నదైనా ఎక్కువ నీరు తెస్తుంది. ఈ పాయలన్నీ చివరకు త్రివేణి అనే చోట కలిసి, వరాహక్షేత్రం మీదుగా చత్రా దగ్గర కొండను వదిలి ఒక్కసారిగా మైదానంలోకి పడతాయి.

ఏ నది అయినా వాలు తగ్గగానే మోసుకొచ్చిన బరువును దించుతుంది. కోసీ దించేది మామూలు బరువు కాదు. ఇంకా లేస్తూనే ఉన్న, భూకంపాలతో కదులుతూ ఉండే, మెత్తని రాతి కొండల నుంచి రాలిన మన్నూ ఇసుకా అది. చత్రా నుంచి గంగ దాకా ఆ మట్టి విసనకర్ర ఆకారంలో పరచుకొని, ప్రపంచంలోని అతి పెద్ద ఒండ్రు మేటలలో ఒకటిగా పేరుపొందింది. నది ఒక దారిలో కొన్నాళ్లు పారి, ఆ దారిని తన మట్టితోనే మెరక చేసుకొని, పక్కనున్న పల్లంలోకి తప్పుకొంటుంది. అలా తప్పుకొంటూ సుమారు రెండు వందల సంవత్సరాలలో పూర్ణియా వైపు నుంచి సహర్సా, సుపౌల్ వైపునకు వంద కిలోమీటర్లకు మించి పడమటికి జరిగింది.

1954లో భారత నేపాల్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరిన తరువాత సరిహద్దు దగ్గర బ్యారేజీ, దాని ఎగువనా దిగువనా కరకట్టలు కట్టారు. నది కదలడం ఆగింది గాని మట్టి రావడం ఆగలేదు. మునుపు వేల చదరపు కిలోమీటర్ల మీద పరచుకొనే మట్టి, ఇప్పుడు రెండు కట్టల నడుమ మాత్రమే పడుతున్నది. నది అడుగు ఏటేటా మెరకెక్కి, చాలా చోట్ల కట్టకు అవతలనున్న పొలాల కంటె ఎత్తున నది పారే స్థితి వచ్చింది. ఆ కట్టల మధ్య చిక్కుకొన్న వందలాది గ్రామాల ప్రజలకు ప్రతి ఏడాదీ మునకే. కట్ట వెలుపల ఉన్నవారి సంగతి ఇంకొక రకం: వాననీరు నదిలోకి పోయే దారి మూసుకుపోయి నెలల తరబడి నిలిచిపోతుంది.

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు కట్ట తెగింది. ఆనాడు కోసీలో ఉన్నది గొప్ప వరద కాదు. బ్యారేజీ తట్టుకోగలిగేలా కట్టిన 9.5 లక్షల క్యూసెక్కులలో ఆరో వంతు కూడా లేదు. తెగిన గండి గుండా నది తన పాత పాయలలోకి దూకి, నూరు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి, దశాబ్దాలుగా వరద ఎరుగని ఊళ్ల మీద పడింది. లక్షల మంది నిరాశ్రయులయ్యారు. 2024 సెప్టెంబరు చివరలో బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు వదలవలసి వచ్చింది. 1968 తరువాత అదే అత్యధికం. అప్పుడు కూడా దిగువన కొన్ని చోట్ల కట్టలు తెగాయి.

మీరు పనిచేసిన గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరుల మీద కరకట్ట అంటే కొలిచిన వరదకు తగిన ఎత్తున మట్టి పోయడం. అక్కడ నది అడుగు దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక ఆ లెక్క కుదురుతుంది. కోసీలో లెక్క వేయవలసింది నీటిని కాక మట్టిని. ఎగువన నేపాల్‌లో వరాహక్షేత్రం దగ్గర ఎత్తైన ఆనకట్ట కట్టి మట్టిని అక్కడే ఆపాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉన్నది. భూకంప ప్రాంతంలో, పరాయి దేశంలో, త్వరగా పూడిపోయే జలాశయానికి అంత ఖర్చు పెట్టడం మాకు తెలివైన పనిగా తోచదు. నది పరచుకోవడానికి చోటు వదలి, మనుషులను ఎత్తైన దిబ్బల మీదికి చేర్చి, కట్టల వెనుక నిలిచే నీటికి దారి తీయడమే తక్కువ హాని చేసే మార్గమని మా అభిప్రాయం. అయితే అక్కడి సారవంతమైన భూమి మీద ఆధారపడిన జనసంఖ్యను చూస్తే అది కూడా తేలికైన పని కాదు.

ప్రశ్న: గంగ సముద్రంలో కలిసేది కలకత్తా దగ్గరనా, బంగ్లాదేశ్‌లోనా? (ఎనిమిదో తరగతి విద్యార్థిని, కావలి)

జవాబు: రెండు చోట్లా కలుస్తుందమ్మా, అయితే నీరు ఎక్కువగా పోయేది బంగ్లాదేశ్‌లోకి. పశ్చిమ బెంగాల్‌లో గంగ రెండుగా చీలుతుంది. దక్షిణానికి పోయే పాయను మొదట భాగీరథి, దిగువన హుగ్లీ అంటారు; కలకత్తా దాని ఒడ్డున ఉన్నది. కొండలలోని భాగీరథి వేరు, ఇది వేరు. పటం చూసేటప్పుడు తికమక పడవద్దు. రెండో పాయ పద్మ అనే పేరుతో బంగ్లాదేశ్‌లోకి పోయి, గోవాలందో దగ్గర బ్రహ్మపుత్రనూ, చాంద్‌పూర్ దగ్గర మేఘ్నానూ కలుపుకొని సముద్రంలో చేరుతుంది.

బ్రహ్మపుత్ర కూడా గంగకు ఉపనదే అవుతుందా అని నీకు సందేహం రావచ్చు. నీటిలో అది గంగ కంటె పెద్దది కాబట్టి దానిని ఉపనది అనరు, సమాన నదిగానే లెక్కిస్తారు. టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్‌పో పేరుతో తూర్పుకు పారి, 7,782 మీటర్ల నామ్‌చా బార్వా శిఖరం చుట్టూ మలుపు తిరిగి, అరుణాచల్‌లో సియాంగ్‌గా దిగి, లోహిత్, దిబాంగ్ కలిసిన తరువాత అస్సాంలో బ్రహ్మపుత్ర అవుతుంది. రెండున్నర శతాబ్దాల కిందట అది గంగలో కలిసేది కాదు; మైమన్‌సింగ్ మీదుగా తూర్పున పారి మేఘ్నాలో కలిసేది. 1787లో తీస్తా నదికి వచ్చిన పెద్ద వరద తరువాత, తీస్తా గంగ వైపు పోవడం మాని బ్రహ్మపుత్ర వైపు తిరిగింది. ఆపైన కొన్ని దశాబ్దాలలో బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం ఇప్పుడు జమున అని పిలిచే పడమటి దారిలోకి మారింది.

హుగ్లీ పాయ పూడిపోయి కలకత్తా రేవుకు నీరు చాలక పోవడంతో, 1975లో ఫరక్కా బ్యారేజీని ప్రారంభించి 38 కిలోమీటర్ల కాలువ ద్వారా గంగ నీటిని దానిలోకి మళ్లించారు. ఎండాకాలపు నీటిని రెండు దేశాలూ ఎలా పంచుకోవాలో 1996 డిసెంబరు 12న ముప్పై ఏళ్లకు ఒప్పందం రాసుకొన్నాయి. దాని గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. బ్యారేజీ వలన నష్టపోయినవారిలో చేపలు పట్టేవారూ ఉన్నారు. గోదావరిలో మనం పులస అనే జాతి చేప అంతకుముందు గంగలో అలహాబాద్ దాకా ఎదురీదేది. ఆ తరువాత ఫరక్కా పైన దాని రాక బాగా తగ్గిపోయింది.

ప్రశ్న: కండలేరులోకి వచ్చే తెలుగుగంగ నీటికీ, గంగానదికీ ఏమైనా సంబంధం ఉన్నదా? గంగను పెన్నకు కలుపుతామని చాలాకాలంగా వింటున్నాము, అది సాధ్యమేనా? (ఒక పాఠకుడు, పొదలకూరు)

జవాబు: తెలుగుగంగలో గంగ నీరు ఒక్క చుక్క కూడా లేదు. అది చెన్నై తాగునీటికీ, రాయలసీమ, నెల్లూరు పొలాలకూ శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వచ్చే కృష్ణా నీరు, పెన్న వరదనీరు.

రెండో ప్రశ్నకు ఆధారం డాక్టర్ కె.ఎల్.రావు కేంద్ర నీటిపారుదల మంత్రిగా 1972లో ముందుకు తెచ్చిన గంగ కావేరి కాలువ. పాట్నా దగ్గర వానాకాలంలో సుమారు 150 రోజుల పాటు 60,000 క్యూసెక్కుల నీటిని తీసుకొని, అందులో ఎక్కువ భాగాన్ని పైకెత్తి, 2,640 కిలోమీటర్ల దూరం నడిపించి, నర్మద, గోదావరి, కృష్ణ, పెన్న పరీవాహక ప్రాంతాల మీదుగా కావేరికి చేర్చాలని ఆయన లెక్క వేశారు. ఆయన పాట్నాను ఎంచుకొనడంలో భూగోళం ఎరిగిన ఇంజనీరు చూపు కనిపిస్తుంది. ప్రయాగ దగ్గర తీసుకొంటే యమున దాకా కలిసిన నీరే దొరుకుతుంది; పాట్నా దగ్గరికి వస్తే ఘాఘ్రా, శోణ, గండకీ కూడా కలిసి ఉంటాయి. ఇంకా దిగువకు పోతే కోసీ నీరు కూడా వస్తుంది గాని, దక్కను వైపు ఎక్కించవలసిన దూరం పెరుగుతుంది.

ఆ ప్రణాళిక కుంటుపడింది కూడా భూగోళం దగ్గరనే. పాట్నా సముద్రమట్టానికి యాభై మీటర్లకు కొంచెం పైన మాత్రమే ఉన్నది. అక్కడి నీటిని వింధ్య పర్వతాలు దాటించాలంటే దాదాపు 549 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించాలి. దానికి కావలసిన వేల మెగావాట్ల విద్యుత్తు ఆనాటి దేశానికి మోయరాని భారం. ఖర్చును కూడా తక్కువగా వేశారని కేంద్ర జలసంఘం పరిశీలనలో తేలింది. మరొక ఇబ్బంది కాలానికి సంబంధించినది. గంగలో మిగులు నీరు ఉండేది జూలై నుంచి అక్టోబరు వరకు. ఆ నెలలలో గోదావరి, కృష్ణలకు కూడా వరద కాలమే. అప్పుడు వచ్చిన నీటిని నిలవచేసుకొనేందుకు దారిలో పెద్ద జలాశయాలు లేకపోతే కాలువ తవ్వి ప్రయోజనం లేదు. మిగులు లేని వేసవిలో తీసుకొందామంటే, ఆ నీరు ఫరక్కా దగ్గర ఇప్పటికే రెండు దేశాల పేర రాసి ఉన్నది. అందుకే తరువాత వచ్చిన అధ్యయనాలు గంగ నుంచి నేరుగా కావేరికి పోయే ఒకే కాలువను వదిలిపెట్టి, హిమాలయ నదులను ఒక భాగంగా, దక్షిణాది నదులను మరొక భాగంగా విడదీసి చూస్తున్నాయి. ఆ రెండో భాగంలో మీ పెన్నకు నీరిచ్చే నదులుగా చూపినవి మహానది, గోదావరి, కృష్ణలే.